శ్లాబు దిగే వేడి

వేడి మూడు తోవల్లో ప్రయాణిస్తుందని బడిలో చెప్పారు: వహనం, సంవహనం, వికిరణం. తెలుగు మాధ్యమంలో చదువుకున్నవారికి ఈ మూడు మాటలూ ఎక్కాల్లాగా ఇప్పటికీ నోటికి వస్తాయి. ఇనపకడ్డీకి మైనంతో గుండుసూదులు అంటించి, ఒక కొసన సారాదీపం పెట్టి, సూదులు రాలుతుంటే చప్పట్లు కొట్టిన తరం మాది. ఆ సూదులు రాలడంకన్నా, ఒకదాని తరవాత ఒకటి ఆలస్యంగా రాలడమే అసలు విశేషమని 2015 వేసవిలో నాకు తెలిసివచ్చింది.

ఆ ఏడు మే నెలాఖరున ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాల్లో వడగాడ్పులకు వెయ్యిమందికి పైగా మరణించారు. ఆ రోజుల్లోనే, విజయవాడలో మేడ మీది వాటాలో ఒంటరిగా ఉంటున్న మా అమ్మ సొమ్మసిల్లి పడిపోయింది. అదీ రాత్రి పదకొండు గంటలకు! పగలంతా తలుపులు మూసుకుని, తడిగుడ్డ భుజాన వేసుకుని, మజ్జిగ తాగుతూ ఎండను గెలిచిన మనిషి చీకటి పడ్డాక ఓడిపోయింది. కింది వాటావారు సమయానికి చూసి ఆసుపత్రికి చేర్చారు కనుక దక్కింది. "ఎండలో తిరిగారా అమ్మా?" అని అడిగారట డాక్టరుగారు. "గడప దాటలేదు నాయనా" అందట.

గడప దాటని మనిషి దగ్గరికి ఎండ ఎలా వచ్చింది?

పైకప్పులోంచి వచ్చింది. అయిదంగుళాల కాంక్రీటు శ్లాబు పగలంతా ఎండను తాగుతుంది. పై ముఖాన చేరిన వేడి, కడ్డీలో సూది నుంచి సూదికి జరిగినట్టే, పొర నుంచి పొరకు జరుగుతూ కింది ముఖానికి చేరేసరికి కొన్ని గంటలు పడుతుంది. పొద్దు వాలేవేళకు పైన చల్లారడం మొదలవుతుంది. లోపలి కప్పు అప్పుడే బాగా కాగి ఉంటుంది. ఇక అక్కణ్ణించి వికిరణం. గాలితో నిమిత్తం లేకుండా, కింద పడుకున్నవారి మీదికి నేరుగా దిగుతుంది. కుంపటి ముందు కూర్చుంటే మొహం చుర్రుమంటుంది కదా, ఇది బోర్లించిన కుంపటి.

ఈ ఆలస్యానికి లెక్క కట్టినవాడు ఫ్రాన్సు దేశపు జోసెఫ్ ఫూరియే. 1822లో అచ్చయిన ఆయన గ్రంథమంతా వేడి ప్రవాహం గురించే. అటూ ఇటూ ఉష్ణోగ్రతల తేడా పెరిగితే ప్రవాహం పెరుగుతుంది, నడుమ మందం పెరిగితే తగ్గుతుంది. నేల లోతుకు పోయేకొద్దీ వేసవి వేడిమి ఆలస్యంగానూ, పలచబడీ చేరుతుందని కూడా ఆయన తేల్చాడు. మా శ్లాబు కథ అందులోనే ఉంది. ఋతువుకు బదులు రోజు, నేలకు బదులు కప్పు. (ఈయన 1798లో నెపోలియన్ వెంట ఈజిప్టు వెళ్ళాడు. తిరిగొచ్చాక ఫ్రాన్సులో కూడా గదిని బాగా వేడెక్కించుకుని, దుప్పట్లు చుట్టుకుని ఉండేవాడని చెప్తారు. మా బెజవాడ ఎండలు ఆయనకు రుచించేవేమో!)

"ఫాను తిరుగుతూనే ఉంది కదా" అన్నారు బంధువులు. మన చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు. గదిలోని గాలి అంతకన్నా కాగి ఉంటే, ఫాను ఆ వేడిని తెచ్చి మన ఒంటికే అందిస్తుంది. అప్పుడు ఒంట్లో వేడి పోవడానికి మిగిలే తోవ చెమట ఒక్కటే. గ్రాము చెమట ఆరితే దాదాపు 580 కాలరీల వేడి దానితో పోతుంది. మట్టికుండలో నీళ్ళు చల్లబడే కిటుకూ ఇదే. కాని కృష్ణ ఒడ్డున గాలిలోనే తేమ ఎక్కువ, చెమట ఓ పట్టాన ఆరదు. పైగా వయసు మళ్ళినవారికి చెమట తక్కువ పడుతుంది, దాహమూ సరిగా తెలియదు. "ఆకలిదప్పులు రెండూ చచ్చిపోయాయిరా" అని అమ్మ వేదాంతంలా అంటుండేది. అది వట్టి శరీరధర్మం.

ఆ మేడ, మేము పుట్టిపెరిగిన పెంకుటింటిని పడగొట్టి కట్టినది. పెంకులు పలచన, పొద్దువాలగానే చల్లారేవి. వాటి సందుల్లోంచి కాగిన గాలి పైకి పోయేది. కింద చెక్క అటక అడ్డు. అంతమాత్రాన ఆ ఇంటికోసం కన్నీరు కార్చలేను. వానొస్తే నాలుగుచోట్ల కురిసేది, అటక మీద తేళ్ళు. పడగొట్టిన రోజున అందరికన్నా ఎక్కువ సంతోషించింది అమ్మే.

మా ఊరు రమ్మంటే రానంది. ఏ.సి. పెట్టిస్తానంటే, "మనింటి వేడి తీసి పక్కింటి కిటికీలోకి తొయ్యడమేగా!" అంది. ఫూరియే చదవకపోయినా ఆ మాట నూటికి నూరుపాళ్ళూ నిజం. చివరికి శ్లాబు మీద తెల్లసున్నం కొట్టించాం. తెలుపు ఎండను చాలామటుకు వెనక్కి పంపేస్తుంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని పైకప్పులకోసం ఒక విధానమే ప్రకటించింది కూడా. చీకటి పడ్డాక అమ్మ మంచం కింది వాటావారి వరండాలోకి మారింది. అప్పటినుంచీ ఏటా ఫిబ్రవరిలో సున్నం వేయిస్తున్నాం. కూలీ దగ్గర నిలబడి, మూడో పూత వేసిందాకా అమ్మ కదలదు.