నల్లమల అంచున ఎనిమిది కాళ్ల పొరుగు

దివ్య ఖుర్ఆన్‌లో ఏనుగు పేరుతో ఒక సూరా ఉన్నది, ఆవు పేరుతో మరొకటి ఉన్నది. వాటి సరసనే మూడు చిన్న జీవుల పేర్లతో మూడు సూరాలున్నాయి. 16వది తేనెటీగ, 27వది చీమ, 29వది సాలెపురుగు. మనం చీపురు అందుకుని తరిమే జీవికి సృష్టికర్త తన గ్రంథంలో చోటు కల్పించాడు. ఈ విషయం చదివినప్పుడు అందరమూ తల ఊపుతాం. అరచేయంత సాలెపురుగు ఇంటి వెనుక కాపురముంటే మాత్రం ఆ తల ఊపడం ఎంతవరకు నిలుస్తుందో తెలియాలంటే నంద్యాల, గిద్దలూరుల మధ్యనున్న అడవి అంచుకు ఒకసారి వెళ్లి రావాలి.

ఆ ప్రయాణాన్ని గుత్తి నుంచి మొదలుపెట్టడం న్యాయం. అనంతపురం జిల్లాలోని ఈ పట్టణం పేరు చెప్పగానే మనకు కొండమీది కోట గుర్తుకొస్తుంది. మురారిరావు ఘోర్పడే ఏలిన కోట అది, తరువాత హైదర్ అలీ వశమైన కోట. కాని దేశదేశాలలో జంతుశాస్త్రం చదివేవారికి గుత్తి అంటే కోట కాదు, ఒక సాలెపురుగు. ఇక్కడి రైల్వే కట్టెల అడితిలో దొరికిన ఒక పెద్ద సాలెపురుగును పరిశీలించి, 1899లో పోకాక్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు దానికి ‘పొయిసిలోథీరియా మెటాలికా’ అని పేరు పెట్టాడు. లోహంలా మెరిసే నీలిరంగు దానిది. టరాంటులాలనే పెద్ద సాలెపురుగుల కుటుంబానికి చెందినది. కాళ్లు చాచితే పదిహేను సెంటీమీటర్లకు పైగా ఉంటుంది.

ఆ తరువాత నూరేళ్లకు పైగా అది ఎవరి కంటా పడలేదు. గుత్తి చుట్టూ ఉన్నవి బండరాళ్లు, ముళ్లపొదలు, మెట్టచేలు. చెట్టు తొర్రలలో బతికే జీవికి అక్కడ నివాసమే లేదు. 2001లో అది మళ్లీ కనిపించినది గుత్తికి చాలా దూరాన, నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో. నల్లమలలో నరికిన కట్టెలతోపాటు రైలెక్కి గుత్తిలో దిగి ఉంటుందని పరిశోధకుల అంచనా. ఊరు కాని ఊరిలో పట్టుబడిన ప్రయాణికునికి ఆ ఊరి పేరే ఇంటిపేరుగా నిలిచిపోయింది.

నంద్యాల దాటి రైలు తూర్పుకు తిరిగిన తరువాత గాజులపల్లె వరకు పొలాలే పొలాలు. అక్కడి నుంచి కొండలు దగ్గరకు జరుగుతాయి. సొరంగం చీకటి కాసేపు మింగి వదిలిపెడుతుంది. చలమ, దిగువమెట్ట అనే చిన్న స్టేషన్లు అడవి నడుమ నిలబడి ఉంటాయి. కిటికీకి ఇరువైపులా టేకు, నల్లమద్ది, యేగిస, వెదురు. వేసవిలో ఆకు రాలి ఎముకల గూడులా నిలిచే ఈ అడవి తొలకరి పడిన పది రోజులకే పచ్చబడిపోతుంది. చెంచులు తరతరాలుగా ఎరిగిన నేల ఇది. పులి తిరిగే నేల కూడా. ఆ నీలి సాలెపురుగుకు మాత్రం ప్రపంచమంతటిలో ఇదొక్కటే ఇల్లు. అది ఉండే మేర మొత్తం నూరు చదరపు కిలోమీటర్లకు మించదని తేలడంతో, అంతరించిపోయే ప్రమాదం అత్యధికంగా ఉన్న జీవుల పట్టికలో 2008లో దానిని చేర్చారు.

ఆ అడవి అంచున ఒక పల్లెలో మా ఖాలా కుటుంబం ఉంటున్నది. ఊరి పేరు రాయడం లేదు. అందుకు కారణం ముందు ముందు తెలుస్తుంది. పాతిక ముప్పై ముస్లిం కుటుంబాలు, ఒక చిన్న మస్జిదు, దాని వెనుక చేలు, చేల వెనుక అడవి. ఖాలా ఇంటి పెరటి గోడకు పది అడుగుల అవతల ఒక ముసలి చెట్టు ఉన్నది. నిలువెత్తున దాని కాండానికి తొర్ర, తొర్ర మూతికి పలుచని బూజు గుడ్డలాంటి సాలెపట్టు. మగ్రిబ్ తరువాత టార్చి వెలుగు వేస్తే, పట్టు అంచున నాలుగు కాళ్లు బయటపెట్టి అది కదలకుండా కూర్చుని ఉంటుంది. వెలుగు సూటిగా తగిలినప్పుడు ఆ కాళ్లు నెమలి మెడలా నీలంగా మెరుస్తాయి. ఆ నీలం రంగు పూత వల్ల వచ్చినది కాదు. దాని నూగులోని అతి సూక్ష్మమైన అల్లిక కాంతిని విరిచి ఆ ఒక్క వన్నెనే మన కంటికి పంపుతుంది.

చూసే కంటికి అది అద్భుతం. ఆ ఇంటి కోడలికి మాత్రం అది నిద్ర పట్టనివ్వని సంగతి. ఆమెకు మూడేళ్ల కొడుకున్నాడు. తొర్ర, చీమలపుట్ట, గోడ సందు, ఏది కనిపించినా వేలు పెట్టే వయస్సు. పెద్దాసుపత్రి నంద్యాలలో ఉన్నది. రాత్రివేళ వాహనం దొరకడమే కష్టం. ఆమె భర్త, అంటే నా తమ్ముడు, ఒక సాయంత్రం సీసాలో కిరసనాయిలు, పాత గుడ్డ సిద్ధం చేసుకున్నాడు.

“తొర్రలో పోసి అంటించేస్తే ఒక్క నిమిషంలో పీడ వదులుతుంది అమ్మీ” అన్నాడు.

ఖాలా ఒప్పుకోలేదు. “మన ప్రవక్త (స)ను గుహలో కాపాడిన జీవి అది. దాన్ని కాలుస్తావా బేటా?” అన్నది.

“గుహలో కాపాడింది సరే అత్తమ్మా, వీడిని కరిస్తే ఎవరు కాపాడతారు?” అని కోడలు అడిగింది. ఆ ప్రశ్నలో అమర్యాద లేదు, తల్లి భయం ఉన్నది.

అసర్ నమాజు తరువాత ఈ తగవు మస్జిదు ఇమాము గారి ముందుకు వెళ్లింది. ఆయన చెప్పిన మాటలు ఆ ఒక్క ఇంటికే కాక మన ఇళ్లన్నిటికీ పనికొచ్చేవి కనుక వివరంగా ఇస్తున్నాను.

మొదట ఆయన ఖాలా వైపు తిరిగి మృదువుగా చెప్పారు: “అమ్మా! హిజ్రత్ వేళ దైవప్రవక్త (స), హజ్రత్ అబూబక్ర్ (ర) సౌర్ గుహలో తలదాచుకున్న మాట సత్యం. తౌబా సూరాలో దాని ప్రస్తావన ఉన్నది. అల్లాహ్ తన తరఫున ప్రశాంతతను దింపాడనీ, కంటికి కనిపించని సేనలతో సాయపడ్డాడనీ అక్కడ ఉన్నది. సాలెపురుగు గుహ ద్వారానికి గూడు అల్లిన సంగతి ఉల్లేఖనాలలో వచ్చింది. కాని ఆ పరంపర బలహీనమని హదీసువేత్తలలో అనేకులు అన్నారు. కనుక దాని మీద తీర్పు కట్టవద్దు. ఈ జీవి పట్ల కనికరం చూపడానికి అంతకన్నా గట్టి ఆధారాలు మన దగ్గరున్నాయి.”

ఆ ఆధారాలను ఆయన ఒక్కొక్కటిగా గుర్తుచేశారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఒక పూర్వ ప్రవక్త వృత్తాంతం ఉన్నది. ఒక చీమ కుట్టిందని ఆయన పుట్ట మొత్తాన్ని కాల్పించారు. కుట్టినది ఒక్క చీమ కాగా, తనను స్తుతించే ఒక సమూహాన్నే దగ్ధం చేయించినందుకు అల్లాహ్ ఆయనను ప్రశ్నించాడు. నిప్పుతో శిక్షించే అధికారం నిప్పు ప్రభువుకే తప్ప మరెవరికీ లేదని దైవప్రవక్త (స) హెచ్చరించిన హదీసు అబూదావూద్‌లో ఉన్నది. పిల్లిని కట్టివేసి ఆకలితో చంపిన స్త్రీ శిక్షకు గురికావడం, దప్పిగొన్న కుక్కకు నీళ్లు పట్టిన మనిషి క్షమాపణ పొందడం మనమెరిగినవే.

“అయితే ఇస్లాం అమాయకత్వం కాదు” అని ఆయన కోడలి వైపు చూసి అన్నారు. పాము, తేలు వంటి హాని చేసే వాటిని నమాజులో ఉండగానైనా చంపడానికి అనుమతి ఉన్నది. అదే సమయంలో, మదీనా ఇళ్లలో కనిపించే పాములను వెంటనే చంపక మూడు రోజులు హెచ్చరించమన్న ఆదేశమూ ఉన్నది. చంపడమే తొలి మార్గం కాదని దీని నుంచి మనకొక పాఠం దొరుకుతుంది. బిడ్డ ప్రాణం అల్లాహ్ ఇచ్చిన అమానతు, దానికి కాపలా తల్లిదండ్రుల బాధ్యత. ఆ జీవి కూడా ఆయన సృష్టే. రెండింటినీ కాపాడే దారి ఉన్నంతకాలం ఒకదానిని పోగొట్టుకునే దారి ఎంచుకోనక్కరలేదు.

ఆ దారి కోసం వారు అటవీశాఖ సిబ్బంది ఒకరిని అడిగి, సాలెపురుగు స్వభావాన్ని తెలుసుకున్నారు. తెలుసుకున్న కొద్దీ భయం హద్దులోకి వచ్చింది. ఈ జాతి సాలెపురుగు మనిషిని వెంటాడదు. పగలంతా తొర్రలోనే ఉంటుంది. రాత్రి మూతి దగ్గరకు వచ్చి, అటు వచ్చిన పురుగులను పట్టుకుంటుంది. అలికిడైతే లోపలికి పరుగెత్తడమే దాని మొదటి పని. ఆడది పది పన్నెండేళ్లు బతుకుతుంది. మగది మూడు నాలుగేళ్లలో రాలిపోతుంది. వయస్సు వచ్చిన మగది జంట కోసం తొర్ర వదిలి తిరుగుతుంది కనుక, నేల మీద ఎదురుపడే అవకాశం ఎక్కువగా దానితోనే. ఇరుకున పెట్టి చేయి వేస్తే మాత్రం కరుస్తుంది. ఆ కాటు తేలికైనది కాదు. తీవ్రమైన నొప్పి, కండరాలు పట్టేయడం, చెమటలు ఉంటాయి. దానివల్ల మనిషి మరణించిన దాఖలా లేదు. అయినా పసిబిడ్డ విషయంలో ఆ మాట చెప్పుకుని ఊరుకోకూడదు.

తరువాత ఇంట్లో జరిగిన పనులు చాలా మామూలువి. చెట్టు చుట్టూ నడుమెత్తున ముళ్లకంచె కట్టారు. పెరటి గోడకు ఆనించి పేర్చిన కట్టెల మోపును దూరంగా ఎత్తు మీదికి మార్చారు. గోడ పగుళ్లను, కిటికీ చట్రం సందులను సిమెంటుతో పూడ్చారు. పెరటి తలుపు మీద రాత్రంతా వెలిగే బల్బును తీసివేశారు. దీపానికి పురుగులు, పురుగులకు సాలెపురుగులు రావడం సహజం కదా. పిల్లవానికి దోమతెర తప్పనిసరి చేశారు. బట్టలు, చెప్పులు, పక్కగుడ్డలు దులిపిన తరువాతనే వాడాలని అందరికీ చెప్పారు. పడుకునే ముందు పక్క దులపడం ఎలాగూ మన ప్రవక్త (స) నేర్పిన అలవాటే. చీకటి పడిన తరువాత ఆ కంచె దాటి ఎవరూ వెళ్లరాదన్నది చివరి కట్టుబాటు. అంతా కలిపి రెండు రోజుల కూలి, ఒక బస్తా సిమెంటు. కిరసనాయిలు సీసా లాంతరులోకి పోయింది.

అడవి దగ్గర లేని పాఠకులకు కూడా ఇందులో భాగమున్నది. హైదరాబాదులోనైనా, విజయవాడలోనైనా స్నానాల గదిలో, వంటింటి మూలలో బల్లపరుపుగా గోడకు అతుక్కుని పరుగెత్తే పెద్ద గోధుమరంగు సాలెపురుగును చూడని ఇల్లు అరుదు. అది గూడు అల్లి వేటాడదు. రాత్రంతా తిరిగి బొద్దింకలను తింటుంది. పొట్ట కింద తెల్లని బిళ్లలాంటి గుడ్ల సంచిని మోసుకు తిరిగేది ఆడది. దాని కాటు నొప్పి కలిగించవచ్చు కాని ప్రాణాపాయం కాదు. దానిని బయటికి పంపాలంటే వెడల్పు మూతి డబ్బాను మెల్లగా దాని మీద బోర్లించి, పాత పెళ్లిపత్రిక అట్టను గోడకూ డబ్బాకూ మధ్య జరిపి, గోడ అవతల చెట్ల దగ్గర వదిలితే సరిపోతుంది. ఏ సాలెపురుగు కరిచినా సబ్బుతో కడిగి, చల్లని గుడ్డ వేసి, వైద్యునికి చూపించాలి. కోయడం, తాడు బిగించి కట్టడం, పసరు పూయడం మేలు చేయవు.

ఇక ఊరి పేరు దాచిన కారణం. ఈ నీలి అందమే ఆ జీవికి శత్రువైంది. విదేశాలలో దానిని గాజుపెట్టెలో పెంచుకునేవారు ఎందరో ఉన్నారు. అడవి నరికివేత ఒక దెబ్బ కాగా, దొంగచాటుగా పట్టి అమ్మడం మరొక దెబ్బ. 2019లో ‘పొయిసిలోథీరియా’ ప్రజాతి మొత్తాన్ని అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ పట్టికలో చేర్చారు. ఆ పల్లెకు కూడా ఒకసారి పొరుగూరి మనుషులు ఇద్దరు వచ్చి, తొర్ర చూపిస్తే డబ్బు ఇస్తామన్నారు. తమ్ముడిది అప్పు ఉన్న సంసారం. అంతకుముందు ఆ తొర్రను కాల్చాలనుకున్నవాడు ఈసారి వారిని గేటు దగ్గరి నుంచే పంపివేశాడు. “నాది కానిదాన్ని ఎలా అమ్మను?” అన్నాడట.

అన్‌కబూత్ సూరాలోని 41వ ఆయతులో సాలెపురుగు ఇల్లు ఇళ్లన్నిటిలో బలహీనమైనదన్న ఉపమానం ఉన్నది. అది ఆ జీవిని కించపరచడానికి చెప్పినది కాదు. అల్లాహ్‌ను వదిలి ఇతరులను అండగా నమ్ముకునే మనిషి ఆశ్రయం ఎంత పలుచనిదో చెప్పడానికి వచ్చిన మాట అది. సాలెపురుగు నూలు దాని బరువుతో పోలిస్తే ఎంతో గట్టిదని శాస్త్రం చెబుతున్నది. కాని ఆ నూలుతో కట్టిన ఇల్లు ఎండను ఆపదు, వానను ఆపదు, సీసాడు కిరసనాయిలును అసలే ఆపదు. ఆ ఇంటికి ఉన్న రక్షణ అల్లాహ్ కారుణ్యం, ఆయన మన చేతులలో పెట్టిన నిగ్రహం. సిమెంటుతో పగుళ్లు పూడ్చుకున్న మన ఇళ్లకు కూడా అంతిమ రక్షణ ఆయనే.

మన బిడ్డలను ఆపదల నుంచి కాపాడి, మన చేతుల వలన ఏ మూగజీవికీ అన్యాయం జరగకుండే విజ్ఞతను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.