పాటల వేరుకాపురం

మా ఇంట్లో తెల్లవారుజామున వేంకటేశ్వరస్వామిని నిద్ర లేపే బాధ్యత నాది. ఎమ్మెస్ సుబ్బులక్ష్మిగారు 1963లో రికార్డు ఇచ్చిన సుప్రభాతాన్ని ఫోనులో పెట్టి, నేను పళ్లు తోముకోడానికి పెరట్లోకి వెళ్తాను. పూర్వం ఈ పని రేడియో చేసేది, ఆ తర్వాత క్యాసెట్టు చేసింది, ఇప్పుడు పాటల యాప్ చేస్తోంది.

అయితే మొన్న మొన్నటిదాకా స్వామి పూర్తిగా లేచిన రోజులు తక్కువనే చెప్పాలి. ఏ పదో శ్లోకం దగ్గరో గొంతు టక్కున ఆగిపోయేది. "పాపం, మళ్లీ పడుకున్నట్టున్నాడు" అనేది మా ఆవిడ వంటింట్లోంచి. కరెంటు ఉంది, నెట్టు ఉంది, ఫోనులో చార్జింగూ ఉంది. తెరమీద మాత్రం, పాట ఇంకో ఫోనులో మోగుతోందని ఓ చిన్న ముక్క. ఆ ఇంకో ఫోను డల్లాస్‌లో ఉంది. మా అబ్బాయిది.

వాడు హైదరాబాదులో ఉద్యోగం చేసే రోజుల్లో ఈ యాప్‌కి చందా కట్టి, నా ఫోనులో కూడా తన పేరుతోనే తెరిచిపెట్టాడు. పాస్‌వర్డు కాగితంమీద రాసి క్యాలెండరు వెనకాల అంటించాడు. తర్వాత వాడు అమెరికా వెళ్లిపోయాడు, కాగితం అక్కడే ఉంది. ఒక చందాకి ఒకేసారి ఒక ఫోనులోనే పాట. వాడక్కడ నొక్కితే నాకిక్కడ బందు, నేనిక్కడ నొక్కితే వాడికక్కడ బందు. మనకి ఉదయం అయిదున్నర అంటే వాళ్లకి ముందురోజు సాయంత్రం, వేసవిలో ఏడు, చలికాలంలో ఆరు. సరిగ్గా వాడు ఆఫీసు నుంచి కార్లో ఇంటికి పోయే వేళ.

పాటలకి డబ్బు కట్టడం నాకేం కొత్త కాదు. మా నాన్న హయాంలో రేడియోకి లైసెన్సు ఉండేది. ఏటా పోస్టాఫీసుకి వెళ్లి డబ్బు కట్టి రావాలి. అంతా చేసి, ఏ పాట వస్తుందో మన చేతిలో ఉండేది కాదు. 1952లో కేస్కర్‌గారు మంత్రి అయ్యాక ఆకాశవాణి సినిమా పాటల మొహాన తలుపేస్తే, జనం ముల్లు సిలోను వైపు తిప్పుకున్నారుట. 1957లో వివిధభారతి వచ్చాకే మళ్లీ ఇటు తిరిగారని మా నాన్న చెప్పేవాడు. ఇంటికి ఒక రేడియో. అది వింటే ఇల్లంతా వినాలి. మేం వద్దన్నా పక్కింటివాళ్లూ వినాలి. ఆ లెక్కన తెనాలికీ డల్లాస్‌కీ కలిపి ఒకటే రేడియో అనుకుని నేను సర్దుకుపోయాను.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఈ యాప్ తెలివిగలదే. మనం విన్నవాటిని బట్టి మన అభిరుచి కనిపెట్టి, రోజూ కొన్ని పాటలు తనే వండి వడ్డిస్తుంది. (రాసినవాడి పేరు వడ్డించదు. అది కావాలంటే రెండు మూడు చోట్ల నొక్కి వెతుక్కోవాలి, కొన్నిటికి వెతికినా దొరకదు.) మా వడ్డన ఎలా ఉండేదంటే, ఘంటసాల పద్యం, దాని వెనకాలే ఎవరో ఇంగ్లీషువాడు ఊపిరి తీసుకోకుండా తిట్టే ర్యాపు, ఆ వెంటనే అన్నమయ్య. యంత్రం దృష్టిలో మేమిద్దరం ఒకే మనిషి. ఆ మనిషి పొద్దున్న భక్తుడు, సాయంత్రం రౌడీ.

మా వీధి చివరి కుర్రాడు నా అవస్థ చూసి, "పాటలు డౌన్‌లోడు చేసి పెట్టుకోండి తాతగారూ, అవతల ఎవరు విన్నా మీది ఆగదు" అన్నాడు. ఎలా చెయ్యాలో చూపించాడు కూడా. చూశాను, నేర్చుకున్నాను, చెయ్యలేదు.

ఎందుకంటే అప్పటికి నాకు ఆ ఆగడం అలవాటైపోయింది. పాట ఆగిందంటే వాడు కారెక్కాడన్నమాట. మా ఆవిడ గడియారం చూసి, "ఇవాళ ఆలస్యమైంది వెధవకి" అనేది. ఆదివారం ఫోనులో వాడు చెప్పేది రెండు ముక్కలు, బాగున్నాను, తిన్నాను. మిగతా ఆరు రోజుల కబురూ మాకు యాప్‌లో ఇటీవల విన్న పాటల జాబితా చెప్పేది. పండగనాడు ఇళయరాజా వింటే మా ఆవిడకి తృప్తి.

కిందటేడు చలికాలంలో ఓ మధ్యాహ్నం భోజనం చేసి, ఘంటసాలని వింటూ కునుకు తీస్తున్నాను. పాట ఆగింది. టైము రెండు. వేళ్లమీద లెక్కేశాను. అక్కడ అర్ధరాత్రి దాటి రెండున్నర! జాబితా చూస్తే 'మల్లీశ్వరి'లో భానుమతిగారు పాడినవి. వాడి చిన్నప్పుడు మా ఆవిడ వాణ్ణి భుజాన వేసుకుని పాడిన పాటలవి. మర్నాడూ అంతే. మూడోనాడూ అంతే.

"ఫోను చెయ్యండి" అంది మా ఆవిడ. నేను చేశాను.

"నేను మేలుకున్నానని నీకెలా తెలుసు నాన్నా?"

"పాట ఆగిందిరా."

కాసేపు అటునుంచి మాట లేదు. తర్వాత చెప్పాడు. కంపెనీవాళ్లు తీసేసి పద్ధెనిమిది రోజులైందిట. వాడి వీసాకి అరవై రోజులే గడువు. ఈలోగా ఇంకో కంపెనీ పెట్టుకోకపోతే పెట్టే సర్దుకోవాలి. మధ్యలో రెండు ఆదివారాలు వెళ్లాయి. ఆ రెండుసార్లూ బాగున్నాను, తిన్నాను అనే చెప్పాడు. "మీరు కంగారు పడతారని" అన్నాడు. మా ఆవిడ ఫోను లాక్కుని, "వచ్చెయ్‌రా, ఇంట్లో బియ్యం లేవా?" అంది. ఆ తర్వాత రోజూ వాడికి తెల్లవారుజాము మూడింటికి మాట్లాడుకునేవాళ్లం. ఏముంటాయి మాటలు? ఒక్కోసారి ఎవరం మాట్లాడకుండా, ఇటునుంచి మా ఆవిడ సన్నగా పాడుతూ ఉండేది. దానికి చందా అక్కర్లేదు.

యాభై రెండో రోజున ఇంకో కంపెనీ పెట్టుకుంది. మొదటి జీతం రాగానే వాడు ఫోను చేశాడు.

"నాన్నా, నేను వేరే చందా కట్టుకున్నాను. పాత అకౌంటు నీకే వదిలేశాను. ఇక నీ పాట ఆగదు."

"మంచిపని చేశావురా" అన్నాను. ఇంకేమంటాను? పెళ్లికాకుండానే కొడుకు వేరుకాపురం పెట్టాడని ఎవరితో చెప్పుకోను?

ఇప్పుడు స్వామి రోజూ పూర్తిగా లేస్తున్నాడు. యాప్ కూడా నెల తిరక్కుండా నా వయసు కనిపెట్టేసింది. ర్యాపువాళ్లు పోయారు, ఇళయరాజా పోయారు, మొదటినుంచి చివరిదాకా ఘంటసాలే. అయిదున్నర దాటి పదో శ్లోకం వచ్చేసరికి మా ఆవిడ చేతిలో గరిటెతో వంటింటి గుమ్మంలోకి వచ్చి నుంచుంటుంది. పాట సాగుతూనే ఉంటుంది. లోపలికి వెళ్లిపోతుంది.

మొన్న శుక్రవారం సగంలో ఆగింది. నేను నోట్లో బ్రష్షుతో పెరట్లోంచి, తను పొయ్యిమీద పాలు వదిలేసి, ఇద్దరం ఒకేసారి ఫోను దగ్గరికి పరుగెత్తాం. నెట్టు రీఛార్జి అయిపోయిందిట. పాలు పొంగిపోయాయి.