నెల తప్పింది

మన తెలుగులో కొన్ని మాటలు ఎవరు పుట్టించారో గానీ, లోకంలో నాలాంటి ఆడది కూడా ఒకతి ఉంటుందని వాళ్ళకి తోచి ఉండదు. "నెల తప్పింది" అన్న మాట అలాంటిదే. ఆ మాట చెవిన పడగానే ఎవరికైనా చలిమిడీ, మట్టిగాజులూ గుర్తుకొస్తాయి. నాకు మాత్రం పెద్దమనిషినైంది మొదలు నెల తప్పుతూనే ఉంది. ఒకసారి నలభై రోజులు, ఒకసారి యాభై, ఒక్కోసారి రెండు నెలలు దాటిపోయేది. ఆ మాటే నిజమైతే ఈపాటికి మా ఇల్లు ఎలిమెంటరీ స్కూలయ్యేది!

"పెళ్ళయితే అదే సర్దుకుంటుంది లేవే" అనేది మా అమ్మ. ఆడపిల్లకి ఏం వచ్చినా పెళ్ళితో సర్దుకుంటుందని మన పెద్దవాళ్ళ నమ్మకం. మొటిమలు, కోపం, మతిమరుపు - అన్నిటికీ అదే మందు. 2004లో నా పెళ్ళయింది. ఏదీ సర్దుకోలేదు. మొటిమలు కూడా.

గుంటూరులో మా అత్తగారి వంటింట్లో గోడకి తెలుగు క్యాలెండరు ఒకటి వేళ్ళాడుతూ ఉండేది. తిథులూ, వర్జ్యాలూ చూసుకోవడానికే కాదు, ఆ ఇంటి జమాఖర్చులన్నీ దాని మీదే. గ్యాసు బండ వచ్చిన రోజు, చాకలికి బట్టలేసిన రోజు, పాలవాడు రాని రోజు. పాలు రాని రోజున ఓ ఇంటూ గుర్తు పెట్టేవారు అత్తగారు. కొత్తకోడల్ని, నా తేదీలు రాసుకోవడానికి వేరే చోటు తోచక నేనూ అందులోనే ఓ నాలుగు చిన్న ఇంటూలు పెట్టాను. నెలాఖరున మావారు వాటిని కూడా కలిపి పాలవాడికి నాలుగు రోజుల డబ్బు కోసేశారు. పాలవాడు లబోదిబోమన్నాడు. ఆ నాలుగు రోజులూ పాలవాడివి కావు, నావి అని నలుగురిలో ఎలా చెప్పను? అత్తగారు ఒకసారి క్యాలెండరు వంకా, ఒకసారి నా వంకా చూసి, "వాడి డబ్బు వాడికిచ్చేయరా" అన్నారు. ఆనాటి నుంచి పాల లెక్కతో పాటు నా లెక్క కూడా ఆవిడ కళ్ళల్లో పడింది.

ఏడాది తిరిగేసరికి ప్రశ్నలు మొదలయ్యాయి. మోపిదేవి వెళ్ళొచ్చాం. రావిచెట్టు చుట్టూ తిరిగాను. ఎక్కడో పుస్తకంలో "14వ రోజు ముఖ్యం" అని చదివి, ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టడం కూడా మొదలుపెట్టాను. చెప్పొద్దూ, తేదీ పెట్టుకుని ప్రేమించుకోవడమంత కష్టమైన పని మరొకటి లేదు. సున్నా చుట్టిన రోజునే మావారికి ఆఫీసులో ఆడిటింగు వచ్చేది. రాత్రి పదింటికి ఆయన ఆవులిస్తూ వస్తే నాకు ఏడుపు వచ్చేది. 15వ రోజున ఇద్దరికీ మాటలుండేవి కావు.

2006లో ఒకసారి నలభై రోజులు దాటాయి. అత్తగారు నా చేత బిందె ఎత్తనివ్వడం మానేశారు. నలభై అయిదు దాటాక కంచంలో నెయ్యి ఎక్కువైంది. నేను రహస్యంగా మందుల షాపులో పరీక్ష కార్డు కొనితెచ్చి చూసుకున్నాను. ఒకే గీత వచ్చింది. దాన్ని కాగితంలో చుట్టి పారేశాను గానీ, ఆ మాట అత్తగారికి చెప్పడానికి నోరు రాలేదు. ఆ నెయ్యి, ఆ మన్నన ఇంకో వారం ఉంటే బాగుండుననిపించింది. ఎంత ఆశపోతు మనసో చూడండి!

యాభై ఆరో రోజున బాపట్ల నుంచి అత్తగారి చెల్లెలు సున్నుండలూ, డజను ఆకుపచ్చ మట్టిగాజులూ పట్టుకుని దిగింది. ఆ సాయంత్రమే నేను బాత్‌రూములోంచి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. "లోపలికి రావేం అమ్మాయ్?" అన్నారు అత్తగారు. "బయట చేరానండీ" అన్నాను. ఎవరూ ఏమీ అనలేదు. అన్నా బాగుండేది. పిన్నిగారు గాజుల పొట్లం తిరిగి సంచిలో పెట్టుకోబోతే, అత్తగారు చెయ్యి చాపి అందుకుని బీరువాలో పెట్టేశారు.

మర్నాడు పొద్దున చూస్తే వంటింటి గోడకి మేకు ఒక్కటే ఉంది. క్యాలెండరు మా గదిలోకి వచ్చింది. "ఇది నీ దగ్గరే ఉంచుకో అమ్మాయ్. పాల లెక్క నేను నోటికి చెప్పుకుంటాలే" అన్నారావిడ. ఆ తర్వాత ఇంకెప్పుడూ "ఇంకా రాలేదా?" అని అడగలేదు.

ఆ వారమే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. నా క్యాలెండరు సున్నాలు చూసి ఆవిడ నవ్వింది. "14వ రోజు అన్నది 28 రోజులకొకసారి వచ్చేవాళ్ళ లెక్కమ్మా. అండం విడుదలయ్యేది రాబోయే నెలసరికి ఇంచుమించు 14 రోజుల ముందు. నీకు 45 రోజులకి వస్తే అది 31వ రోజు దగ్గర పడుతుంది" అంది. అంటే ఇన్నాళ్ళూ మేం గుడి తలుపులు తీయకముందే కొబ్బరికాయ కొట్టి వచ్చేశామన్నమాట! పోనీ వెనక నుంచి లెక్క పెడదామంటే, రాబోయే తేదీ తెలిస్తే కదా? రైలు వెళ్ళిపోయాక టైము చూసుకున్నట్టే. అసలు కొన్ని నెలల్లో అండం విడుదలే కాదట. అప్పుడు లెక్కకి అందేదేముంది?

ఈ లెక్కని 1924లో కనిపెట్టింది జపాను డాక్టరు ఒగినో. ఆయన ఉద్దేశం పిల్లలు కావాలనుకునేవాళ్ళకి సాయపడాలని. లోకం మాత్రం దాన్ని పిల్లలు వద్దనుకోవడానికి వాడుకుంది. క్యాలెండరుతో మోసపోయింది నేనొక్కదాన్నే కాదన్నమాట.

స్కాను, థైరాయిడు, ప్రొలాక్టిన్ పరీక్షలు అయ్యాక నాది పి.సి.ఓ.ఎస్. అన్నారు. అమెరికా డాక్టర్లు స్టీన్, లెవెంతాల్ దీన్ని 1935లోనే రాసిపెట్టారు. ఇవాళ ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పిల్లల్ని కనే వయసు ఆడవాళ్ళలో నూటికి 10 నుంచి 13 మందికి ఉంది. మా అత్తగారు "నీటి బుడగలట" అని బెంగపడ్డారు గానీ, అవి బుడగలు కావు, పక్వానికి రాకుండా ఆగిపోయిన చిన్న చిన్న అండపుటికలు. వాటిని కోసి తీయక్కరలేదు.

"మీరూ పరీక్ష చేయించుకోవాలి" అంది డాక్టరమ్మ మావారితో. "తేడా ఆమెకైతే నాకెందుకండీ?" అన్నారాయన. "ఆమెకి ఉంటే మీకు ఉండకూడదని రూలుందా? పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాళ్ళ వైపు కారణమూ ఉంటుంది. సూది కూడా గుచ్చని పరీక్ష" అందావిడ. రెండు వారాలు నాన్చి, ఓ ఉదయం నాతో చెప్పకుండానే వెళ్ళొచ్చారు. రిపోర్టు బాగానే ఉంది. బాగున్నందుకంటే ఆయన వెళ్ళినందుకు నాకు ఎక్కువ సంతోషమైంది. అప్పటిదాకా ఆ క్యాలెండరులో నేనొక్కదాన్నే ఉన్నాను.

నాకు క్లోమిఫిన్ ఇచ్చారు. ఇప్పుడైతే మా బోటివాళ్ళకి ముందు లెట్రోజోల్ వాడాలని 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఏదైనా డాక్టరు చేతి మీదుగానే. డాక్టరమ్మ చెప్పిన ఇంకో మాట రాయడానికి కాస్త మొహమాటం, అయినా రాస్తాను: "తేదీలు చూసుకోకండి. రెండు మూడు రోజులకోసారి కలిసి ఉంటే చాలు. అండం ఒక్కరోజు కంటే బతకదు గానీ, మగవారి కణం అయిదు రోజుల దాకా కాచుక్కూర్చుంటుంది." ఆ సలహాతో మా ఇంట్లో 15వ రోజు తగాదాలు తగ్గాయి.

ఇది చదివే అమ్మాయిల్లో నాలాంటివాళ్ళుంటే ఒక్క మాట. మామూలుగా ఏడాది చూసి, 35 దాటినవాళ్ళయితే ఆర్నెల్లు చూసి, డాక్టరు దగ్గరికి వెళ్ళమంటారు. నెలసరి 35 రోజులు దాటుతూ ఉండేవాళ్ళు మాత్రం ఏడాది దాకా కూర్చోనక్కర్లేదు. నేను రెండేళ్ళు కూర్చున్నాను. అందరికీ మందులతోనే తెల్లవారుతుందనీ చెప్పను. అలా తెల్లవారనివాళ్ళు నాకు తెలుసు.

2007లో నాలుగోసారి మందు వాడిన నెల, ఫలానా రోజున పరీక్ష చేసుకోమంది డాక్టరమ్మ. నేను చేసుకోలేదు. నెల తప్పడం నాకు కొత్తా? ఆ ఒంటిగీత మళ్ళీ చూసే ఓపిక లేదు. ఓ పొద్దున పాలు కాస్తూ అత్తగారు, నా వంక చూడకుండానే, "ఇవాళ్టికి ముప్ఫై ఏడు" అన్నారు.

"ఏమిటండీ, పాలా?"

"పాలు కాదు."

క్యాలెండరు నాకిచ్చేసిన నాటి నుంచీ ఆవిడ పాల లెక్కతో పాటు నా లెక్కా నోటికే చెప్పుకుంటున్నారట. ఇన్నాళ్ళూ ఒక్క మాట బయటికి రానివ్వలేదు.

ఆ పూటే కార్డు తెప్పించారు. రెండు గీతలు. ఆవిడ చేతులు కడుక్కుని బీరువాలోంచి ఆ ఆకుపచ్చ గాజులు తీసుకొచ్చారు. తీరా చూస్తే అవి నా చేతికి పట్టలేదు. ఏడాది పాటు తిన్న నెయ్యి ఎక్కడికి పోతుంది? సబ్బు రాసి, ఒక్కొక్కటే ఎక్కించారు. రెండు పగిలాయి.