పదిహేను నంబరు పానా

పదో తరగతిలో దిగిన సైకిలు యాభై రెండో ఏట మళ్లీ ఎక్కాను. అప్పుడు ఎందుకు దిగాల్సి వచ్చిందో ఈ పత్రిక చదివేవాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. మళ్లీ ఎక్కడానికి కారణం మాత్రం స్త్రీవాదం కాదు, షుగరు. డాక్టరు నడవమన్నాడు. మోకాళ్లు ఒప్పుకోలేదు. సైకిలైతే వాటి మీద అంత బరువు పడదని స్నేహితురాలు చెప్పింది. మా ఆయన అప్పటికే ఏడాదిగా తొక్కుతున్నాడు. ఆయనది సన్న చక్రాల రోడ్డు సైకిలు. నా కోసం మా అమ్మాయి కాలేజీ రోజుల్లో వాడి వదిలేసిన లేడీస్ సైకిల్ని మెట్ల కింద నుంచి బయటికి లాగాం. కొట్టతను కొత్త టైర్లు వేసి, మోటారు సైకిళ్లకుండే లాంటి వాల్వులున్న ట్యూబులు ఎక్కించాడు. పెట్రోలు బంకులో కూడా గాలి కొట్టించుకోవచ్చమ్మా అన్నాడు. నేను తలూపాను. దాని అర్థం తెలియడానికి నాకు మూడేళ్లు పట్టింది.

మా దారి ఎప్పుడూ ఒకటే. మారేడుపల్లిలో తెల్లవారకముందే బయల్దేరి తిరుమలగిరి, లోతుకుంట, అల్వాల్ మీదుగా బొల్లారం. ఆదివారాలైతే హకీంపేట, తూంకుంట దాటి శామీర్‌పేట చెరువు దాకా. (2023లో ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ దారి వేశారు. బాగుందంటారు. కానీ అది నగరానికి ఆ చివర. సైకిలు తొక్కడానికి కారులో వెళ్లాలి.)

ఆయన సీటు కింద ఓ చిన్న నల్ల సంచీ ఉండేది. అందులో ఏముందో నేను అడగలేదు. నా హ్యాండిల్ బుట్టలో ఏముండేదో మాత్రం నిద్రలో లేపినా చెప్పగలను. రెండు మంచినీళ్ల సీసాలు, నాలుగు అరటిపళ్లు, గ్లూకోజు పొట్లం, చేతిరుమాళ్లు, ఆయన బీపీ మాత్ర, బ్యాండ్ ఎయిడ్లు, పిన్నీసులు. మనుషులకి కావలసిన స్పేర్లన్నీ నా దగ్గర, యంత్రాలకి కావలసినవన్నీ ఆయన దగ్గర. ఈ పంపకం మేం కూర్చుని చేసుకున్నది కాదు. పెళ్లయిన కొత్తలో రైలు ప్రయాణాల్లో ఆయన సూట్‌కేసు, నేను తిండి సంచీ పట్టుకున్నప్పటి నుంచీ ఉన్నదే.

2018 డిసెంబరులో ఒక ఆదివారం, తూంకుంట దాటాక పెద్ద రోడ్డు వదిలి మట్టి దారిలోకి తిరిగాం. కాస్త దూరం పోయేసరికి నా వెనక చక్రం మెత్తబడింది. దిగి చూస్తే టైరులో సర్కారు తుమ్మ ముల్లు, సగం విరిగి. ‘ఏం కాదు, నేనున్నాగా’ అంటూ మా ఆయన హుషారుగా నల్ల సంచీ విప్పాడు.

మొదట ట్యూబు తీశాడు. సన్నగా, పొడుగ్గా ఉంది. నా చక్రానికి చుట్టి చూస్తే దాదాపు జానెడు మిగిలిపోయింది. పైగా దానిది పెన్సిలు మొనలాంటి ప్రెస్టా వాల్వు. నాది లావుపాటి మోటారు వాల్వు. సరే, చక్రం ఊడదీసి ప్యాచీ వేద్దామనుకున్నాం. ఆయన చక్రం ఇరుసు దగ్గర చిన్న లీవరు తిప్పితే చేతిలోకి వచ్చేస్తుంది. నా చక్రానికి రెండు పక్కలా నట్లు. వాటికి పదిహేను నంబరు పానా కావాలి. ఆయన మడత పనిముట్టులో అలెన్ కీలున్నాయి, స్క్రూడ్రైవర్లున్నాయి, పానా లేదు. ప్యాచీల డబ్బా ఉంది. సొల్యూషన్ ట్యూబు మూత తీస్తే లోపలంతా ఎప్పుడో ఎండి గట్టిపడిపోయింది. ఒకసారి తెరిస్తే అంతే, మూత ఎంత బిగించినా కొన్నాళ్లకి ఎండిపోతుంది. అప్పుడు మా ఇద్దరికీ అది తెలియదు.

‘మన ఇద్దరి కోసం’ అని మూడేళ్లుగా ఆయన మోస్తున్న సంచీలో నా చక్రానికి పనికొచ్చేవి పంపూ, టైరు విప్పే మూడు ప్లాస్టిక్ లీవర్లూ మాత్రమే. ఆయన అబద్ధమాడలేదు. ఆయన చక్రం ఎంతో ఆయనకి తెలుసు, అందుకని ‘మన’ చక్రం ఎంతో కూడా తెలుసనుకున్నాడు. కోపం రావలసింది ఆయన మీద. కానీ నాకు నా మీదే వచ్చింది. సావిత్రీబాయి ఫూలే మీద సెమినారు పత్రాలు చదివినదాన్ని, నేను ఎక్కి తిరిగే చక్రం కొలత నాకు తెలియదు. టైరు పక్కనే అచ్చేసి ఉంది, 26 × 1.75 అని.

కాసేపటికి ఓ గీత కార్మికుడు అటుగా వచ్చాడు. సైకిలు క్యారేజీకి మోకూ ముస్తాదూ కట్టి ఉన్నాయి. పంచరైన సైకిలు పట్టుకుని నిలబడింది నేను. ఆయన అడిగింది మా ఆయన్ని. ‘ఏమైంది సారూ, పంచరా?’ చక్రం ఊడట్లేదని మా ఆయన చెబితే నవ్వాడు. ‘చక్రం ఇప్పుడెందుకు సారూ? గట్లనే గుంజొచ్చు.’ లీవర్లతో టైరు ఒక పక్క అంచుని రిము మీదికి లేపి, చక్రం ఉన్నచోట ఉండగానే ట్యూబుని బయటికి లాగాడు. కాస్త గాలి కొట్టి, ట్యూబుని చెంప దగ్గర పెట్టుకుని తిప్పుతూ పోయాడు. గాలి తగిలినచోట ఆగాడు. హ్యాండిలుకి వేలాడే గుడ్డసంచీలోంచి సొల్యూషనూ, పాత ట్యూబు ముక్కా, గరుకు కాగితమూ తీశాడు. అతికించాక కూడా తొందరపడలేదు. గుడ్డపీలిక ఒకటి వేళ్లకి చుట్టుకుని టైరు లోపలంతా తడిమాడు. ‘ముల్లు తియ్యకుంటే మల్ల పంచరైతది’ అని విరిగిన ముల్లు మొన తీసి నా అరచేతిలో పెట్టాడు. ఆ అరగంటలో ఆయన నావైపు తిరిగి అన్న మాట అదొక్కటే. డబ్బులివ్వబోతే, ‘పైసలెందుకు సారూ’ అన్నాడు. నా చేతిలో ఉన్న నోటుని చూస్తూనే.

మర్నాడు సాయంత్రం రాణిగంజ్ వెళ్లాను. పనిముట్ల కొట్లో పదిహేను నంబరు రింగు పానా, పొట్టిది కావాలన్నాను. ‘సారుకి ఏ బండమ్మా?’ అన్నాడు కొట్టతను. నాకే అని చెప్పాక కూడా, ‘సరిపోకపోతే సారుని పంపండి, మార్చిస్తా’ అన్నాడు. పానా తెచ్చుకున్నాను. సైకిళ్ల కొట్లో నా కొలత ట్యూబూ, నా వాల్వుకి ఎక్కే చిన్న పంపూ, మూత తెరవని సొల్యూషనూ కొన్నాను.

అసలు గొడవ ఇంట్లో అయింది. గొడవంటే అరుపులు కాదు. ‘ఇంట్లో రెండు సెట్లెందుకు, దండగ. నీ ట్యూబూ పానా కూడా నా సంచీలోనే పడేస్తాను కదా’ అన్నాడు మా ఆయన. లెక్క ప్రకారం ఆయన చెప్పింది సబబే. నేను ఒప్పుకోలేదు. ‘నేను తోడుండగా నీకెందుకు భయం?’ అన్నాడు రెండోరోజు. ఆ మాటలో నొచ్చుకోవడం ఉంది. ఆ నల్ల సంచీ ఆయన నాకు చేస్తున్న సేవ. చేతల్లో తప్ప మాటల్లో ప్రేమ చూపించలేని తరం మనిషి. దాన్ని కాదన్నట్టయింది. నేను కాదన్నది ప్రేమని కాదు. కానీ ప్రేమ 700 × 28 కొలతలో వస్తే నా చక్రానికి ఎక్కదు. పైగా ఆయన తోడు లేని రోజు నేను ఎక్కడిదాకా వెళ్లొచ్చన్నది ఆ సంచీయే నిర్ణయిస్తోంది. మూడేళ్లలో ఒక్కదాన్నీ బొల్లారం దాటలేదని అప్పుడే లెక్క చూసుకున్నాను.

కొనడం తేలిక. మోయడం ఎలా అన్నదే తేలలేదు. ముందు బుట్టలో వేశాను. ప్రతి స్పీడు బ్రేకరు దగ్గరా పళ్లెం జారిపడ్డట్టు మోత. టీకి ఆగితే బుట్ట మీదే కళ్లు. వీపు సంచీలో వేసుకుంటే వీపంతా చెమట. అదీకాక, పడితే ఇనప పానా సరిగ్గా వెన్నుపూస మీద ఉంటుంది. మా ఆయన చొక్కాకి వెనక మూడు జేబులున్నాయి. నా కుర్తాకి ఒక్కటీ లేదు. మన బట్టలకి జేబులెందుకుండవో రాయాలంటే ఇంకో వ్యాసం కావాలి, వదిలేస్తున్నాను. సీటు కింద సంచీ కొందామని చూస్తే, దొరికినవన్నీ సన్న ట్యూబులకి కుట్టినవి. నా లావు ట్యూబు పడితే పానా పట్టదు.

ఆ రోజుల్లోనే మరియా వార్డ్ అనే అమెరికన్ రచయిత్రి పుస్తకం చదివాను. ‘బైసైక్లింగ్ ఫర్ లేడీస్’, 1896లో న్యూయార్కులో వచ్చింది. ఆడవాళ్లూ పనిముట్లూ అని అందులో ఒక అధ్యాయమే ఉంది. సూదీ కత్తెరా పట్టిన చేతికి మిగతా పనిముట్లు కొత్త కావన్నది ఆమె వాదన. అదే ఏడాది సూజన్ బి. ఆంథనీ, ఆడవాళ్ల విముక్తికి సైకిలు చేసినంత మేలు మరేదీ చేయలేదన్నారు. మనమంతా ఆంథనీ మాటనే చెప్పుకుంటాం. నేనూ క్లాసులో ఎన్నోసార్లు చెప్పాను. వార్డ్ అధ్యాయం సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. పుదుక్కోట్టై గురించి కూడా అంతే. 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంలో వేలమంది ఆడవాళ్లు సైకిలు నేర్చుకున్నారని సాయినాథ్ రాశారు. లేడీస్ సైకిళ్లు చాలక మగవాళ్ల సైకిళ్లే ఎక్కారట. ఆ అడ్డకమ్మీ మీద బిడ్డని కూర్చోబెట్టుకోవచ్చని అదే బాగుందన్నవాళ్లూ ఉన్నారట. ఆ సైకిలెక్కిన సంబరమే నాకు గుర్తుండిపోయింది. దారిలో టైరు మెత్తబడితే ఎలా అన్న ప్రశ్న, తూంకుంట అవతల నిలబడేదాకా నాకు తట్టలేదు.

వార్డ్ చెప్పిన సూదీ కత్తెరా దగ్గరే నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆవిడకో వక్కాకు సంచీ ఉండేది. పాత పట్టుచీర ముక్కలతో కుట్టింది, రెండు పక్కలా తాళ్లు లాగితే మూతి ముడుచుకునేది. లోపల అరలు. ఆకులకొకటి, వక్కలకొకటి, సున్నపుకాయకి ఇంకోటి, అడకత్తెరకి పొడుగాటిది. సున్నం ఆకుల్లో పడకూడదు, అడకత్తెర అంచు ఆకుల్ని చీల్చకూడదు. ఆ సంచీ రొంటిన దోపుకుని ఆవిడ ఎన్ని ఊళ్లు తిరిగిందో. ఇనప పనిముట్టు నడుముకి పెట్టుకుని తిరిగిన మనిషని మేమెవరం అనుకోలేదు.

అమ్మాయి పాత జీన్స్ కత్తిరించి అలాంటిదే కుట్టాను. మూరెడు పొడుగు పట్టీకి నిలువు అరలు. వాటిలో సామాను పెట్టి, పై అంచు మడిచి, చాప చుట్టినట్టు చుట్టి సీటు వెనక కట్టేస్తాను. కదలదు, మోగదు. ట్యూబుకి టాల్కం పౌడరు రాసి, పాత మేజోడులో పెట్టి వేరే అరలో ఉంచుతాను. పానా పక్కన ఉత్తి ట్యూబు పెడితే రాసుకుని రాసుకుని వాడకముందే చిల్లు పడుతుంది. ఇది ఒక ట్యూబు పోగొట్టుకుని నేర్చుకున్నది. మిగతా అరల్లో లీవర్లు, ప్యాచీలు, ముళ్లు వెతకడానికి నూలు పీలిక, టైరు చీలితే లోపల అడ్డం పెట్టడానికి పాత టైరు ముక్క. చివరి అరలో మడిచిన పది రూపాయల నోటు. టైరు ముక్క లేకపోతే అది కూడా పనిచేస్తుంది. పంపు పక్క కమ్మీకి కట్టాను. వంటింటి త్రాసులో తూస్తే అంతా కలిపి ముప్పావు కిలో. అరటిపళ్లు ఇప్పుడు మా ఆయన మోస్తున్నాడు.

ఈ గొప్పంతా ఒకరోజు అడ్డగుట్ట దగ్గర దిగిపోయింది. మా వీధిలో నాలుగిళ్లలో వంట చేసే ఆమె లాలాపేట నుంచి సైకిలు మీద వస్తుంది. పాత నల్ల సైకిలు, పెద్ద చక్రాలది. రోడ్డు పక్కన దాన్ని ఆపుకుని కూర్చుని ఉంది. నేను దిగి, నా పట్టీ విప్పి పరిచాను. కాస్త ఆర్భాటంగానే పరిచాననుకుంటా. ఆమె అరలన్నీ చూసింది. ‘మంచిగున్నది గని మీ ట్యూబు నాకు రాదమ్మా’ అంది. ‘ట్యూబుకేం గాలే. వాల్ట్యూబు పోయింది.’ సీటు కింద పాత ట్యూబు పీలికతో బిగించిన ప్లాస్టిక్ కవరు లాగింది. అందులోంచి సన్న రబ్బరు గొట్టం తీసి వేలెడు ముక్క పళ్లతో కొరికి, వాల్వుకి తొడిగింది. ఇంక గాలి కొడితే చాలు. నా పంపు తీశాను. ఎక్కలేదు. మోటారు వాల్వుకి తప్ప దేనికీ ఎక్కనిది చూసి మరీ కొన్నాను కదా. మా ఆయన పంపుకైతే రెండు మూతులు. సన్న మూతి ఆమె వాల్వుకి సరిగ్గా సరిపోయేది.

‘ఏం గాదు, ముందట కొట్టున్నది’ అని ఆమె నడిపించుకుంటూ బయల్దేరింది. నేనూ దిగి పక్కనే నడిచాను. పాత ట్యూబు పీలికని మించిన తాడు లేదని, వానకి తడవదని, ముడి జారదని దారిలో చెప్పింది. నా పట్టీకి నేను కట్టిన నాడా చూసి, ‘ఇది ఆగదమ్మా’ అంది. ఆగలేదు కూడా, వానాకాలంలో తెగింది. కొట్టు దగ్గర గాలి కొడుతూ అడిగింది. ‘అది మీరే కుట్టిన్రా? నాకొకటి కుట్టియ్యున్రి.’

ఆ వారమే పంపుకి తొడిగే చిన్న ఇత్తడి అడాప్టరు కొన్నాను. వేలి గోరంత ఉంటుంది, పది రూపాయల నోటున్న అరలో పెట్టాను. జీన్స్ రెండో కాలు ఇంకా మిగిలే ఉంది. కత్తిరించే ముందు ఆమెని చక్రం కొలత అడిగాను. టైరు వైపు చూడకుండానే చెప్పింది, 28 × 1½ అని.