ఒకే కుళాయి నీళ్లు, ఎవరి కడుపు వాళ్లదే

ఖరగ్‌పూర్ స్టేషన్‌లో ఆ 1072 మీటర్ల పొడవు ప్లాట్‌ఫారం మీద నడుస్తుంటే బెంగాలీ, హిందీ, ఒడియాల మధ్య తెలుగు కూడా చెవిన పడుతుంది. 1900 ప్రాంతంలో బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ వర్క్‌షాపూ కాలనీలూ కట్టినప్పుడు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి పనికొచ్చినవాళ్ల మునిమనవలు వీళ్లు. 1927లో ఇక్కడి కార్మికుల సమ్మె వెనక నిలబడ్డది కూడా మన వి.వి. గిరే. నేను వెళ్లింది మాత్రం చరిత్ర కోసం కాదు, వంటిళ్ల కోసం. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల పేగుల్లో కూడా బ్యాక్టీరియా ఒకరికున్నట్టు ఇంకొకరికి ఉండదంటారు. ఆ మాట పట్టుకుని తిరగడానికి రైల్వే కాలనీ కంటే మంచి చోటు నాకు తోచలేదు. నీళ్లు ఒక్కటే, గాలి ఒక్కటే, ఉద్యోగాలూ ఇంచుమించు ఒక్కటే. పొయ్యి మీద ఉడికేదే వేరు.

మథురాకాటీ వైపు ఓ క్వార్టర్లో స్నేహితుడి తల్లిదండ్రులు ఉంటారు. పెద్దాయన వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. నేనొచ్చిన పని చెప్పగానే పిన్నిగారు నవ్వారు. "ఏటి బావూ, కడుపులో పురుగుల కోసం ఇంత దూరం వచ్చీసినావా?"

ఆవిడ వంటింటి మూల తరవాణి కుండ ఉంది. మూత తీస్తే పుల్లటి వాసన గుప్పుమంది. పైన తెల్లటి పల్చని తెట్టు, కింద మబ్బు నీళ్లు. కుండని ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చెయ్యరట. వాడుకున్నంత వాడుకుని మళ్లీ గంజి పోస్తారు. పాత పులుపే కొత్తదాన్ని పులియబెడుతుంది. రాత్రి మిగిలిన అన్నం అందులో వేసి పొద్దున్నే ఉల్లిపాయ, పచ్చిమిర్చితో తింటారు. పక్కింటి బెంగాలీ వాళ్లదీ చద్దన్నమే, పాంతా భాత్. రాత్రంతా ఉత్త నీళ్లలో నానబెట్టి ఆవనూనె, ఆలూ ముద్దతో తింటారు. ఆ పైఇంటి ఒడియా వాళ్లది పఖాళ. అందులో పెరుగు కలిపి, పక్కన వేపిన ఆకుకూర పెట్టుకుంటారు. బియ్యం ఒకే బజారువి. పులియబెట్టే సూక్ష్మజీవులు మాత్రం ఏ కుండవి ఆ కుండకే.

అలాగని తరవాణి తాగితే అందులోని బ్యాక్టీరియా పేగులో కాపురం పెడతాయనుకోకూడదు. పులిసిన తిండితో లోపలికి పోయే వాటిలో చాలా భాగం దారినపోయే బాపతే. అక్కడ స్థిరపడ్డ జనాభా వేరు. డెబ్బై కిలోల మనిషి ఒంట్లో బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లని 2016లో లెక్కగట్టారు. మన సొంత కణాలు 30 లక్షల కోట్లు. అన్నీ కలిపినా ఆ బ్యాక్టీరియా బరువు పావుకిలో ఉండదు.

అమెరికాలో 242 మంది ఆరోగ్యవంతులను పరీక్షించి 2012లో ఫలితాలు ప్రకటించారు. ఏ జాతి బ్యాక్టీరియా ఎంత ఉందన్న దాంట్లో మనిషికీ మనిషికీ పొంతన లేదు. అవి చేసే పనులు చూస్తే, అంటే పిండిపదార్థాలు విడగొట్టడం, విటమిన్లు తయారుచెయ్యడం లాంటివి, దాదాపు అందరిలోనూ ఒక్కలాగే ఉన్నాయి. ఇది చెబితే పెద్దాయన తలూపారు. "అంతేగా మరి. షాపులో మూడు షిఫ్టులు. ప్రతి షిఫ్టుకీ ఒక ఫిట్టరు, ఒక వెల్డరు, ఒక ఖలాసీ. మనుషులు మారతారు, బోగీ బయటికి రావడం ఆగదు." ఇంతకన్నా బాగా నేను చెప్పలేను.

మన దేశంలోనే 2019లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఉత్తర మధ్య భారతం, దక్షిణాది కలిపి 110 మంది ఆరోగ్యవంతులను చూశారు. శాకాహారం ఎక్కువ తినే ఉత్తరాది వాళ్లలో ప్రీవోటెల్లా అనే బ్యాక్టీరియాది పైచెయ్యి. చేపా మాంసం తినే దక్షిణాది వాళ్లలో బ్యాక్టీరాయిడ్స్, రూమినోకాకస్ లాంటివి ఎక్కువ. ఇద్దరూ ఆరోగ్యవంతులే. ఇందులో ఏది "సరైన" కడుపు అని అడిగితే జవాబు లేదు, ప్రశ్నే తప్పు.

ఊరు మారితే? మయన్మార్, థాయ్‌లాండ్ ప్రాంతాల నుంచి అమెరికా వెళ్లిన కారెన్, మాంగ్ తెగల మహిళల మీద చేసిన అధ్యయనం ఒకటి 2018లో వచ్చింది. వెళ్లిన కొన్ని నెలలకే మార్పు మొదలైంది. ప్రీవోటెల్లా తగ్గి బ్యాక్టీరాయిడ్స్ పెరిగాయి, రకాలు తగ్గిపోయాయి, అక్కడే పుట్టిన పిల్లల్లో ఇంకా తగ్గాయి. తిండి మార్పు కొంత కారణమే గాని, అదొక్కటే కాదన్నారు పరిశోధకులు. ఖరగ్‌పూర్‌కి వచ్చిన మనవాళ్లు మాత్రం వంటింటిని కూడా మోసుకొచ్చారు. అయినా సాయంత్రం ఆ ఇంట్లో నాకు పెట్టింది మేదినీపూర్ ముడీయే. మరమరాల్లో ఆవనూనె, పచ్చిమిర్చి కలిపి ఇచ్చారు. మనవడికి తరవాణి వాసన పడదట, ముడీ లేకపోతే మాత్రం గడవదు.

ఆ కుర్రాడే ఫోన్లో ఒక ప్రకటన చూపించి అడిగాడు: మలం నమూనా పంపితే పేగు ఆరోగ్యానికి మార్కులు వేస్తారట, చేయించుకోనా అని. వద్దన్నాను. ఆరోగ్యవంతుడి పేగు ఇలా ఉండాలి అని అందరూ ఒప్పుకున్న కొలత ఇంకా లేదు. కొలతే లేనిదానికి మార్కులెలా వేస్తారు? నాలుగు రోజులు తిండి మారిస్తే ఆ లెక్కా మారుతుంది. మలంలో రక్తం పడుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, విరేచనాలు వారాల తరబడి ఆగకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్లండి. అవేవీ లేనివాళ్లు ఆ పరీక్ష డబ్బుతో పప్పులూ ఆకుకూరలూ కొనుక్కోండి.