బిడ్డ పుట్టేదాకా నాది కాని డబ్బు

నేను న్యూజెర్సీలోని ఎడిసన్‌లో డూలాగా పనిచేస్తున్నాను. నొప్పులు ఎక్కువైన దగ్గర్నుంచి బిడ్డ ఒడిలోకి వచ్చేదాకా తల్లి పక్కనే ఉండడం నా పని. వైద్యం నా పని కాదు. బీపీ చూడను, మందులివ్వను. నడుం నొక్కుతాను, పక్క మార్పిస్తాను, నర్సు చెప్పింది అర్థమయ్యేలా తెలుగులో చెబుతాను, ధైర్యం చెబుతాను. కాన్పులో ఇలా ఎడతెగకుండా తోడుండడం మీద జరిగిన 26 అధ్యయనాలను 2017లో కాక్రేన్ సమీక్ష కలిపి చూసింది. 17 దేశాల్లో 15,858 మంది స్త్రీల లెక్క అది. తోడున్నవాళ్లకు మామూలు కాన్పు అయ్యే అవకాశం పెరిగిందని, సిజేరియన్లు తగ్గాయని తేలింది.

ఎడతెగకుండా ఉంటేనే ఆ ఫలితం. అలాంటి హామీ ఒక్క మనిషే ఇవ్వడం కుదరదు. డ్యూ డేట్ నాడే పుట్టే పిల్లలు నూటికి నలుగురైదుగురే. 38వ వారం నుంచి 42 దాకా ఏ రాత్రైనా ఫోన్ మోగొచ్చు. ఆ రాత్రే నాకు జ్వరం రావచ్చు, టర్న్‌పైక్ మీద మంచు పేరుకోవచ్చు, ఇంకో తల్లికీ నొప్పులు మొదలుకావచ్చు. అందుకే బ్యాకప్ డూలా ఉండాలి. ఉండాలంటే ఆవిడకు డబ్బు ముట్టాలి. ఆ డబ్బు ఎక్కణ్ణుంచి రావాలన్న ప్రశ్నకు జవాబు దొరికాకే ఈ పనిలో నా ఆదాయం ఎంతో నాకు స్పష్టంగా తెలిసింది.

నా ఫీజు 1,800 డాలర్లు. సగం ఒప్పందం రోజున, మిగతా సగం 36వ వారంలో తీసుకుంటాను. అంటే కాన్పుకు ముందే మొత్తం చేతికొచ్చేస్తుంది. అందులో 1,000 డాలర్లు కాన్పుకు ముందూ తర్వాతా కలుసుకోవడాలకి, ఫోన్‌లో అందుబాటులో ఉండడానికి. మిగిలిన 800 కాన్పు గదిలో నిలబడినందుకు. ఆ 800 వేరే సేవింగ్స్ ఖాతాలో పడుతుంది, బిడ్డ పుట్టేదాకా కదలదు. నేను వెళితే ఇంటి ఖాతాలోకి వస్తుంది. బ్యాకప్ వెళితే మొత్తం ఆవిడకే. "ఎలాగూ మనకే వస్తుంది కదా, ఈ నెల కారు ఇన్సూరెన్స్ కట్టేద్దాం" అని మావారు ఒకసారి అన్నారు. ఒప్పుకోలేదు. ఆ డబ్బు ఆ రాత్రి ఆ తల్లి పక్కన ఎవరుంటే వాళ్లది. అది ఇన్సూరెన్స్‌కి పోతే, నాకు జ్వరమొచ్చినా లేచి వెళ్లాలనిపిస్తుంది. తల్లికి మంచిదేదో చూడాల్సినచోట నా అవసరం అడ్డొస్తుంది.

ఆ 800 కాక, మిగతా వెయ్యిలోంచి ప్రతి కాన్పుకూ బ్యాకప్‌కి 100 డాలర్లు ముందే ఇస్తాను. ఆవిడ వెళ్లాల్సిన అవసరం రాకపోయినా అవి ఆవిడవే. రాని కాన్పుకి డబ్బెందుకని తోటి డూలాలు కొందరు అడుగుతుంటారు. ఆవిడా ఫోన్ తలగడ పక్కన పెట్టుకునే పడుకుంటుంది, ఊరు దాటి వెళ్లదు, తన పిల్లల్ని చూసుకునే మనిషిని సిద్ధంగా ఉంచుకుంటుంది. ఆ నాలుగు వారాలకి 100 డాలర్లు తక్కువే.

ఇంకో 50 డాలర్లు పొడుగు కాన్పుల కోసం దాస్తాను. తొలిచూలులో మందులతో నొప్పులు తెప్పిస్తే ఒక పగలూ రాత్రీ దాటిపోవడం వింతేం కాదు. 18 గంటలు నిలబడ్డాక నా చేతుల్లో పట్టు ఉండదు. అప్పుడు బ్యాకప్‌ని గంటకి 50 డాలర్ల లెక్కన పిలిచి కాసేపు కునుకు తీస్తాను. ఎనిమిది కాన్పులకి దాచింది ఎనిమిది గంటల విశ్రాంతికి సరిపోతుంది. మొత్తం 150 డాలర్లు, ఫీజులో పన్నెండో వంతు. ఇది నా రాబడిలోంచి కోసుకోలేదు. 1,650 ఉన్న ఫీజుని 1,800 చేశాను, ఎందుకో ఒప్పందంలో రాశాను. ఆ మాట చదివి వెనక్కి తగ్గినవాళ్లు లేరు.

పన్నుల దగ్గర ఒక చిక్కుంది. 800 నాది కాదని నేననుకున్నా, ఐఆర్‌ఎస్ దృష్టిలో చేతికొచ్చిన రోజే అది నా ఆదాయం. డిసెంబరులో అందిన డబ్బు జనవరిలో బ్యాకప్‌కి వెళితే ఆదాయం ఒక ఏడాదిలో, ఖర్చు మరో ఏడాదిలో పడతాయి. కాబట్టి ఏడాది చివర్లో ఒప్పందాలుంటే జనవరి 15న కట్టే ముందస్తు పన్నుకి కాస్త ఎక్కువే పక్కన పెడతాను. సొంతంగా పనిచేసేవాళ్లకి 15.3 శాతం స్వయం ఉపాధి పన్ను, ఆపైన ఆదాయపు పన్ను. బ్యాకప్‌కి ఇచ్చింది షెడ్యూల్ సి లో ఖర్చుగా చూపిస్తే ఆ మేరకు రెండూ తగ్గుతాయి. అందుకే మొదటి చెల్లింపుకి ముందే ఆవిడ దగ్గర డబ్ల్యూ-9 తీసుకున్నాను. ఏడాదిలో ఒకరికి ఇచ్చింది 600 డాలర్లు దాటితే 1099-ఎన్‌ఈసీ ఫారం ఇవ్వాలన్న హద్దు 2026 చెల్లింపుల నుంచి 2,000 అయింది.

"డబ్బులెందుకు, నా కాన్పులకి నువ్వెళ్లు, నీ కాన్పులకి నేనొస్తా" అనే ఏర్పాటు కూడా ఉంది. ఇలా పనికి పని మార్చుకున్నా చట్టం దాన్ని ఆదాయంగానే చూస్తుంది. అదీకాక ఒకరికి రెండు గంటల కాన్పు, ఇంకొకరికి ముప్పై గంటలది పడితే మనసులో లెక్కలు మొదలవుతాయి. ఇద్దరం డబ్బే ఇచ్చిపుచ్చుకుంటాం. స్నేహం బాగుంది.

ఒక ఫిబ్రవరిలో న్యూ బ్రన్‌స్విక్‌లో ఒకమ్మాయి దగ్గరుండగా, ప్లెయిన్స్‌బరోలో ఇంకొకమ్మాయికి ఉమ్మనీరు పోయింది. బ్యాకప్ వెళ్లింది. "డబ్బు నీకిచ్చాం కదమ్మా, ఈవిడెవరు?" అని ఆ అమ్మాయి అత్తగారు నాకు ఫోన్ చేశారు. నేను జవాబు చెప్పేలోపే కోడలు, "ఆవిడ నాకు తెలుసత్తయ్యా" అంది. 36వ వారంలో బ్యాకప్‌నీ ఆమెనీ వీడియోలో కలిపినందుకు దక్కిన ఫలం అది. ఆ కలయిక లేకుండా నేను ఏ ఒప్పందమూ పూర్తి చెయ్యను. తెల్లారాక 800 జెల్‌లో పంపించాను.

నా బ్యాకప్ పంజాబీ ఆవిడ, తెలుగు రాదు. ఆ లోటు నిజమే. డూలా శిక్షణ తీసుకున్న తెలుగమ్మాయిలు నాకు తెలుసు. కానీ కొందరు హెచ్-4 వీసా మీద, పని అనుమతి లేకుండా ఉన్నారు. 2015 నుంచి హెచ్-4 మీదున్న కొంతమంది జీవిత భాగస్వాములకి ఆ అనుమతి దొరుకుతోంది, అందరికీ కాదు. "ఊరికే వస్తానక్కా, గిఫ్ట్ కార్డ్ ఇవ్వు చాలు" అని ఒకమ్మాయి అడిగింది. కూలి తీసుకోవాల్సిన పని ఊరికే చేసినా, గిఫ్ట్ కార్డ్ తీసుకున్నా, ముప్పు ఆమె వీసాకే. అనుమతి వచ్చాక మొదటి పిలుపు నీకేనని చెప్పాను.

రాష్ట్ర ప్రభుత్వ ఆరోగ్య బీమా న్యూజెర్సీ ఫ్యామిలీకేర్ 2021 జనవరి నుంచి డూలా ఖర్చు భరిస్తోంది. ఆ దారిలో వచ్చే తల్లులకైతే బ్యాకప్ కూడా అందులో నమోదైన డూలానే అయ్యుండాలి. డూలాలు ఇది ముందే చూసుకోవాలి.

డూలాని మాట్లాడుకునే అమ్మాయిలకి ఒక మాట. సంతకం పెట్టేముందు రెండు విషయాలు అడగండి. మీరు రాలేకపోతే వచ్చేదెవరు, ఆవిడకి ఇవ్వాల్సిన డబ్బు ఇప్పుడు ఎక్కడుంది? రెండో దానికి తడుముకోకుండా జవాబు చెప్పేవాళ్లనే పెట్టుకోండి.