క్రొత్త బోధకుల శిక్షణము

ప్రాథమిక పాఠశాలలో పసిబిడ్డలకు ఓనమాలు నేర్పువానికి శిక్షణపత్రము లేనిదే ఉద్యోగము దొరకదు. కళాశాలలో ఇరువదేండ్ల యువకులకు పాఠము చెప్పువానికి అట్టి నిర్బంధము చిరకాలము లేకుండెను. పట్టము గలవాడు బోధింపనేర్చుననియు, గ్రంథములు చదివినవాడు పరిశోధింపగలడనియు మనవారు నమ్మియుండిరి. 1989లో మొదలైన జాతీయ అర్హతా పరీక్షలో బోధనా పరిశోధనాభిరుచులకొక ప్రశ్నపత్రము కలదు. కాని నాలుగు సమాధానములలో నొకదానిని గుర్తించుట వేరు, నలువదిమంది యెదుట నిలిచి నోరు విప్పుట వేరు.

1987 మొదలు విశ్వవిద్యాలయములలో అధ్యాపకుల శిక్షణకై ప్రత్యేకముగా కళాశాలలు వెలసినవి. పేర్లు మారుచు వచ్చి, 2023 నుండి అవి మాలవీయ మిషన్ పేర సాగుచున్నవి. అయితే ఆ శిక్షణము ఉద్యోగమున చేరిన పిమ్మటనే గదా! 2022 నాటి నియమములలో విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు పరిశోధక విద్యార్థు లెల్లరును బోధనయందును రచనయందును శిక్షణ పొందవలెననియు, వారమునకు నాలుగు నుండి ఆరు గంటలు వారికి బోధనలో గాని పరిశోధనలో గాని సహాయకుల పని యప్పగింపవచ్చుననియు వ్రాసిరి. ఇది మంచి మాట.

ఇట్టి శిక్షణ యెట్లుండవలెనో త్రిపురారం ప్రాంతమున మేము చూచితిమి. ఆ మండలములోని కంపసాగరున వ్యవసాయ పరిశోధన స్థానమును, కృషి విజ్ఞాన కేంద్రమును కలవు. నాగార్జునసాగరు ఎడమకాలువ నీరు పారు ఆ పల్లెలలో వరియే ప్రధానమైన పైరు. క్రొత్తగా పరిశోధనకు చేరిన విద్యార్థి యొకడు పొలముగట్టున నిలిచి సుడిదోమను గూర్చి రైతులకు చెప్పుచుండెను. "ఆర్థిక నష్ట పరిమితి" అని రెండుమూడు మారులు పలికెను. ఎవరును మాటాడలేదు. కౌలునకు చేయు ముసలమ్మ యొకతె, "దుబ్బుకు ఎన్ని దోమలుంటే మందు కొట్టాలె? గది చెప్పు బిడ్డా" అనెను. పిలకదశలో పది నుండి పదిహేను, వెన్ను వచ్చిన పిమ్మట ఇరువది నుండి ఇరువదియైదు అని అతడు చెప్పెను. ఆమె విడువలేదు. "ఏ దుబ్బుకు? గట్టు పక్కదానికా, నడిమి దానికా?"

అతడు నిరుత్తరుడయ్యెను. గట్టు ప్రక్క గాలియు వెలుతురును కలవు. దోమ పొలము నడుమ, నీడగల మొదళ్లయొద్ద చేరి, అచ్చటచ్చట గుండ్రముగా పైరు నెండించును. గట్టున నిలిచి పది దుబ్బులు లెక్కించువాడు దోమ లేదని వ్రాసికొనును; వారము దినములలో పొలము మాడిపోవును. నమూనా యెచ్చట తీయవలెనను శాస్త్రప్రశ్ననే ఆమె తన భాషలో అడిగినది. ఆమెకు అది కూడు ప్రశ్న. విద్యార్థి చెప్పులు విడిచి బురదలోనికి దిగెను. అతని గురువు ప్రక్కనే యుండియు నడుమ కల్పించుకొని తాను సమాధానము చెప్పలేదు. మాకు మిక్కిలి నచ్చినది ఈ మౌనమే.

హైదరాబాదున 1976లో వెలసిన జాతీయ వ్యవసాయ పరిశోధన నిర్వహణ అకాడమీవారు క్రొత్త శాస్త్రజ్ఞులను తొలిదినములలోనే పల్లెలకు పంపుదురు. సాహిత్య చరిత్రములు చదువువారికి అట్టి యేర్పాటు ఎందుకు లేదో మాకు తెలియదు. ఈ సీమవారికి అది క్రొత్తయు గాదు. సూర్యాపేట కోదాడల నడుమనున్న మునగాల సంస్థానమున దివానుగా నుండిన కొమర్రాజు లక్ష్మణరావుగారు (1877–1923) ఆంధ్ర విజ్ఞానసర్వస్వమునకు పూనుకొన్నప్పుడు మల్లంపల్లి సోమశేఖరశర్మగారిని పనిలో చేర్చుకొనిరి. గొప్ప పట్టములు లేకయే శర్మగారు శాసనపరిశోధకులై, పిదప ఆంధ్ర విశ్వవిద్యాలయమున చరిత్రము బోధించిరి. పెద్దవాని ప్రక్కన కూర్చుండి పని చేయుటయే వారికి దొరకిన శిక్షణ.

పరిశోధక విద్యార్థి వారమునకొక గంట పాఠము చెప్పుచుండగా గురువు వెనుక బల్లమీద కూర్చుండి వినుటకు ధనవ్యయ మక్కరలేదు. కాని గురువులకు ఉద్యోగోన్నతి ప్రచురించిన వ్యాసముల లెక్కనుబట్టి జరుగుచున్నంతకాలము ఆ గంటకు వారు తీరిక చేసికొనుట కష్టము. ఆ గంటనుగూడ వారి పనిలో చేర్చి లెక్కింపవలెనని విద్యాధికారులను కోరుచున్నాము.